పద్ధతి చెప్పే ముందు ఆమెను అడగండి

"నర్సమ్మా, పిల్లలు పుట్టకుండా ఏదైనా ఇచ్చేయ్."

మా సబ్‌సెంటర్ గుమ్మం దగ్గర నిలబడి చాలామంది అనే మాట ఇది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఈ మాట వినగానే బీరువా తీసి రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రల షీటు, మాలా-ఎన్, ఒకటి చేతిలో పెట్టేస్తారు. మొదట్లో నేనూ అంతే. ఆర్నెల్ల తర్వాత ఇంటికి వెళ్లి చూస్తే షీటు చూరులో దోపింది దోపినట్టే ఉండేది, అమ్మాయికి మాత్రం మూడో నెల. తప్పు ఆమెది కాదు. నేను ఇచ్చాను గాని ఏమీ అడగలేదు.

నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో ఏఎన్ఎంని, అంటే సబ్‌సెంటర్ నర్సుని. పుట్టిల్లు ఆంధ్రాలోని పాతపట్నం, అత్తవారిల్లు పర్లాకిమిడి. మధ్యలో కొన్ని కిలోమీటర్లే, కానీ రాష్ట్రం మారిపోతుంది. మా దగ్గరికి తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, కొండల మీది సవరవాళ్లు వస్తారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన చెల్లెళ్లకు, ఆశా దీదీలకు పనికొస్తుందని రాస్తున్నాను. ఆడపిల్ల ఉన్న ఏ ఇంటికైనా పనికొస్తుంది కూడా.

ముందు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. అమ్మాయి వెనకే అత్తగారు వస్తుంది, అడిగిన ప్రతిదానికీ ఆవిడే జవాబిస్తుంది. "అత్తమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అంటే ఆవిడ నొచ్చుకుంటుంది. అందుకే "రా తల్లీ, బరువు చూద్దాం, బీపీ చూద్దాం" అని అమ్మాయిని లోపలి గదిలోకి తీసుకెళ్తాను. బీపీ పట్టీ చేతికి చుట్టి గాలి కొట్టే ఆ రెండు నిమిషాల్లోనే అసలు మాట బయటికొస్తుంది. ఆ బీపీ ఎలాగూ చూడాల్సిందే.

ఒకసారి ఇరవై రెండేళ్ల అమ్మాయి వచ్చింది, ఒడిలో నెలన్నర పాప. ఇది రెండో కాన్పు, రెండోదీ ఆడపిల్లే. "ఇంకా ఆపరేషన్ వద్దులెండి, మగపిల్లాడు పుట్టాక చూద్దాం" అని అత్తగారు గుమ్మంలోనే తేల్చేసింది. లోపలికి వెళ్లాక అమ్మాయి బీపీ పట్టీ వైపే చూస్తూ, "మూడోది వద్దు సిస్టర్. కానీ ఆ మాట నేను అనకూడదు" అంది. ఇంట్లో ఎవరికీ కనబడకుండా ఏముందని అడిగింది. మాత్రల షీటు దాచుకోవాలి, కాబట్టి కుదరదు. ఇంజెక్షన్ గురించి చెప్పాను, గర్భసంచిలో పెట్టే కాపర్ టీ గురించి చెప్పాను. రెండింటిలో ఏ ఇబ్బంది ఎలా ఉంటుందో చెప్పాను. వారం తర్వాత పాపకు టీకా వేయించే నెపంతో వచ్చి ఇంజెక్షన్ వేయించుకుంది. అత్తగారికి నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పకూడదు. ఆశా దీదీ కూడా ఊళ్లో ఎవరి దగ్గరా అనకూడదు. ఒక్కసారి గుట్టు బయటపడితే ఆ ఊరి నుంచి మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

లోపల కూర్చున్నాక నేను అడిగేవి తక్కువే. ఇంకా పిల్లలు కావాలా, కావాలంటే ఎన్నాళ్లకి? పాలు ఇస్తున్నావా? మీ ఆయన ఇంట్లోనే ఉంటాడా, పనికి దూరం వెళ్తాడా? ఇంతకుముందు ఏదైనా వాడావా, ఎందుకు మానేశావు? ఈ చివరి ప్రశ్నను వదలొద్దు. మానేసిన కారణంలోనే ఆమె భయం ఉంటుంది.

భర్త ఎక్కడుంటాడన్నది మా ప్రాంతంలో మరీ ముఖ్యం. ఇక్కడి మగవాళ్లు సూరత్‌కో, చెన్నైకో, కేరళకో పనికి వెళ్లి పండక్కి వస్తారు. "ఆయన లేడు కదా" అని మాత్ర మానేస్తారు, ఆయన బస్సు దిగిన రోజు మళ్లీ మొదలుపెడతారు. అలా మొదలుపెట్టిన మాత్ర ఆ రాత్రికి పనిచేయదు. అలాంటి ఇంటికి నిరోధ్, అంటే కండోమ్, ముందే ఇచ్చి ఉంచాలి. సుఖవ్యాధుల నుంచి, హెచ్ఐవీ నుంచి కాపాడేది కూడా అదొక్కటే. ఆ సంగతి ఆమెతో చెప్పేటప్పుడు భర్త మీద అనుమానం పెట్టినట్టు మాట్లాడొద్దు.

ఇక ఆరోగ్యం గురించి అడగాల్సినవి. తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయా? కామెర్లు వచ్చాయా? కాళ్లలో రక్తం గడ్డకట్టిందా? రొమ్ములో గడ్డ ఉందా? టీబీ మందులు, మూర్ఛ మందులు వాడుతున్నావా? "పొగతాగుతావా" అంటే మా వైపు ఆడవాళ్లు లేదనే అంటారు. "చుట్ట అలవాటుందా, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చడం) ఉందా" అని అడగండి, అప్పుడు నవ్వి ఒప్పుకుంటారు. 35 ఏళ్లు దాటి చుట్ట కాల్చే మనిషికి మాలా-ఎన్ ఇవ్వకూడదు. బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా ఇవ్వకుండా డాక్టర్ గారి దగ్గరికి పంపాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే మాలా-ఎన్ బలం తగ్గిపోతుంది. సికిల్ సెల్, అంటే రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు, ఉందేమో కూడా అడగాలి, మన జిల్లాల్లో అది మర్చిపోకూడని ప్రశ్న. ఆ జబ్బు ఉన్న అమ్మాయికి మూడు నెలలకొకసారి వేసే అంతరా ఇంజెక్షన్ బాగా నప్పుతుంది. కాపర్ టీ వేస్తే రక్తస్రావం పెరగొచ్చు కాబట్టి రక్తం ఎంతుందో చూశాకే మాట్లాడాలి.

కడుపుతో లేదని కూడా తేల్చుకోవాలి. ముట్టు మొదలై వారం లోపే అయితే బెంగ లేదు. అనుమానం ఉంటే నిశ్చయ్ కిట్‌తో పరీక్ష చేయండి. "ముట్టు వచ్చాక రా" అని ఊరికే వెనక్కి పంపేయొద్దు. కొండ దిగి వచ్చిన మనిషి మళ్లీ రాదు. కనీసం నిరోధ్ చేతిలో పెట్టి పంపండి.

ఇప్పుడు ఆపరేషన్ మాట. మన తెలుగు ఇళ్లలో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద 37.9 శాతం. మగవాళ్ల ఆపరేషన్ 0.3 శాతం. సరిహద్దు దాటి ఇటొచ్చినా మన అలవాటు మారలేదు. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై మూడుకి ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్. మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ మధ్య ఎడం పెట్టుకోవచ్చని, దానికి పద్ధతులున్నాయని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పరు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆపరేషన్ మంచిదే, నిజంగా చాలనుకున్నవాళ్లకు. చెప్పేటప్పుడు ఈ సంగతులు స్పష్టంగా చెప్పండి. ఇది శాశ్వతం, మళ్లీ కలిపించుకోవచ్చన్న ఆశతో చేయించుకోవద్దు. 200 మందిలో ఒకరికి ఆపరేషన్ తర్వాత కూడా కడుపు రావచ్చు, నెల తప్పితే వెంటనే రావాలి. ప్రభుత్వ నిబంధనల ప్రకారం వయసు 22 నుంచి 49 మధ్య ఉండాలి, ఏడాది దాటిన బిడ్డ కనీసం ఒకరుండాలి. భర్త సంతకం తప్పనిసరి కాదు. ఈ చివరి మాట విని ఆశ్చర్యపోయేవాళ్లే ఎక్కువ. డబ్బు సంగతితో మాత్రం మొదలుపెట్టొద్దు. కూలి నష్టానికి ప్రభుత్వం ఇచ్చేది ఇస్తుంది, దాని కోసం ఒళ్లు కోయించుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

పద్ధతులవారీ టార్గెట్లను కేంద్రం 1996లోనే తీసేసింది. అయినా మార్చి నెల వచ్చేసరికి "ఈ ఏడాది ఎన్ని కేసులు" అన్న టెన్షన్ మన మీద పడుతుంది. ఆ టెన్షన్‌ను అమ్మాయి మీదికి దింపకండి. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా క్యాంపులో కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు, పదిమందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు. ఆ తర్వాత 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులను మూడేళ్లలో ఆపేయాలని చెప్పింది. మా మీటింగుల్లో తొందరపెట్టినప్పుడల్లా నేను ఆ ఆడవాళ్లనే తలుచుకుంటాను.

ఎడం కావాలనుకునేవాళ్లకు మా దగ్గర ఇప్పుడు ఎక్కువగా వెళ్లేవి ఛాయా మాత్ర, అంతరా ఇంజెక్షన్. రెండూ 2017లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చాయి.

ఛాయా మన దేశంలోనే, లక్నోలోని పరిశోధన సంస్థలో తయారైన మందు. అందులో హార్మోను లేదు. పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చు, కాన్పయిన వెంటనే మొదలుపెట్టొచ్చు. మాత్ర సులువే గాని లెక్క తికమక. ముట్టు మొదలైన రోజు మొదటి మాత్ర, మూడు రోజులకు రెండోది. ఆదివారం మొదలైతే ఆదివారం, బుధవారం. ఇలా వారానికి రెండు చొప్పున మూడు నెలలు. నాలుగో నెల నుంచి వారానికి ఒక్కటే, మొదటి మాత్ర వేసుకున్న వారంనాడే, అంటే ఆదివారం మొదలైతే ఆదివారమే. మధ్యలో ముట్టు ఎప్పుడొచ్చినా రోజు మార్చకూడదు. నేను గోడ క్యాలెండర్ తెప్పించి, ఆమె చేతికే పెన్ను ఇచ్చి మాత్ర వేసుకునే రోజుల మీద సున్నాలు చుట్టిస్తాను. చదువు రాకపోయినా సున్నా చుట్టగలదు. రోజుకొకటి చొప్పున షీటు మొత్తం వారంలో మింగేసిన అమ్మాయిని చూశాను, ఆమెకు అది ఇచ్చినవాళ్లు లెక్క చెప్పలేదు. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, వచ్చే ముట్టు దాకా నిరోధ్ కూడా వాడాలి. వారం దాటిపోతే మళ్లీ మొదటి నుంచి లెక్క. కొందరికి ముట్టు ఆలస్యమవుతుంది, అది ముందే చెప్పాలి. అండాశయంలో నీటితిత్తులు, అంటే పీసీఓఎస్ ఉన్నవాళ్లకు, ఈమధ్యే కామెర్లు వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు.

అంతరా మూడు నెలలకొకసారి. మొదటి డోసుకు ముందు డాక్టర్ గారు చూడాలి. పాలిచ్చే తల్లికి కాన్పయిన ఆరు వారాల తర్వాత వేయొచ్చు. ఇంజెక్షన్ వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. ఇంటికి వెళ్లగానే ముసలమ్మలు మొదట చేసేది ఆ పనే కాబట్టి రెండుసార్లు చెప్పండి. ఆపేశాక మళ్లీ కడుపు రావడానికి చివరి ఇంజెక్షన్ నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు. ఏడాదిలో బిడ్డ కావాలనుకునే అమ్మాయికి ఇది సరిపడదు.

అంతరాలో అసలు గొడవ రక్తం. మొదటి నెలల్లో వేళాపాళా లేకుండా కొద్దికొద్దిగా కనిపిస్తుంది. డాక్టర్ల పుస్తకంలో ఇది చిన్న ఇబ్బంది. మా ఇళ్లలో చిన్నది కాదు. "బయట" ఉన్న మనిషి వంటింట్లోకి, దేవుడి దగ్గరికి వెళ్లకూడదు. నెలలో ఇరవై రోజులు చుక్క కనిపిస్తుంటే ఆ ఇంట్లో వంట ఎవరు చేయాలి? ఒకామె ఇదే చెప్పి ఏడ్చింది, రెండో డోసుకు రాలేదు. అప్పట్నుంచి ఇంజెక్షన్ వేసే ముందే అడుగుతున్నాను, మీ ఇంట్లో బయట కూర్చునే పట్టింపు ఉందా అని. ఉందంటే వేరే పద్ధతులు కూడా ముందు పెడతాను. పోనుపోను చాలామందికి ముట్టు పూర్తిగా ఆగిపోతుంది, అప్పుడు ఇంకో భయం: "చెడురక్తం లోపల పేరుకుంటుంది." అలా పేరుకోదు. ప్రతి నెలా గర్భసంచి లోపల పెరిగే పొరే ముట్టుగా బయటికొస్తుంది, ఈ మందుతో ఆ పొర పెరగదు. నారు వేయని మడిలో కోత ఏముంటుంది అని చెప్తే వెంటనే అర్థమవుతుంది.

కార్డు గురించి ఒక మాట. మా వైపు అమ్మాయిలు పండక్కి, పురిటికి ఆంధ్రాలోని పుట్టింటికి వెళ్తారు. ఒకమ్మాయికి అంతరా కార్డు మీద వచ్చే డోసు తారీఖు నేను ఒడియా అంకెల్లో రాసి ఇచ్చాను. సంక్రాంతికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. అక్కడి సిస్టర్‌కు ఆ అంకెలు తెలియలేదు, అమ్మాయికీ సరిగ్గా గుర్తులేదు. తిరిగొచ్చేసరికి గడువు దాటి ఆరు వారాలు. తారీఖుకు రెండు వారాలు ముందుగానైనా, నాలుగు వారాలు ఆలస్యంగానైనా వేయొచ్చు గాని, అంతకు మించితే కడుపు లేదని పరీక్ష చేశాకే వేయాలి, వేశాక వారం నిరోధ్ వాడాలి. అదృష్టం, పరీక్షలో ఏమీ లేదు. ఆ రోజు నుంచి అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషు అంకెల్లోనే రాస్తాను, మందు పేరు కూడా రాస్తాను, కార్డు బిడ్డ టీకాల పుస్తకంలోనే పిన్ను కొట్టి ఇస్తాను. ఆ పుస్తకాన్ని ఏ తల్లీ పోగొట్టుకోదు.

కాపర్ టీని మన పెద్దవాళ్లు లూపు అంటారు. 380ఏ రకం అయితే పదేళ్లు పనిచేస్తుంది, 375 రకం అయితే ఐదేళ్లు. ముట్టు మొదలైన 12 రోజుల లోపు వేయొచ్చు. కాన్పయితే 48 గంటల లోపు, లేదా ఆరు వారాల తర్వాత. "గుండెలోకి పాకుతుందట" అన్న భయం ఇంకా పోలేదు. మాటలతో ఆ భయం పోదు. నా దగ్గర విడిగా ఒక కాపర్ టీ ఉంది, అందరికీ చూపించడానికే. అది ఆమె అరచేతిలో పెడతాను. వేలితో వంచి చూస్తుంది, దారం లాగి చూస్తుంది. "ఇంతేనా?" అంటుంది. గర్భసంచి మూటలాంటిది, దీనికి పైకి పోయే దారి లేదని అప్పుడు చెప్తాను. మొదటి మూడు నుంచి ఆరు నెలలు ముట్టు ఎక్కువగా రావచ్చు, నొప్పి ఉండొచ్చు. దారం తగలకపోయినా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా, వాసనతో తెల్లబట్ట అయినా, నెల తప్పినా వెంటనే రమ్మని చెప్పండి.

కాన్పు సమయంలో వేసే కాపర్ టీ గురించి గర్భిణిగా ఉన్నప్పుడే, ఊళ్లో తల్లీబిడ్డలను చూసే మమతా దివస్ రోజుల్లో మాట్లాడి ఒప్పుకుందో లేదో రాసి పెట్టాలి. నొప్పులు పడుతున్న మనిషిని అడిగితే అన్నిటికీ ఊ అంటుంది, అది ఒప్పుకోలు కాదు. కాన్పయిన ఏడు నెలలకు ఒకామె నడుంనొప్పి, ఎక్కువ ముట్టు అని నా దగ్గరికొచ్చింది. డిశ్చార్జి కాగితం తీసి చూస్తే కాపర్ టీ వేసినట్టు ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చదివి చెప్పగానే ఆమె ముఖం చూడలేకపోయాను. తీయించేసుకుంది, ఇక ఏ పద్ధతీ వద్దంది. ఆమె చెప్పింది విని ఆ వీధిలో ఇంకెవరూ కాపర్ టీ వైపు చూడలేదు.

మాలా-ఎన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముట్టు మొదలైన ఐదు రోజుల లోపు మొదలుపెట్టి రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. 21 హార్మోను మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. దీపం పెట్టే వేళ అని గుర్తు పెట్టుకోమంటాను. ఒకటి మర్చిపోతే గుర్తు రాగానే వేసుకోవాలి. రెండు, అంతకు మించి పోతే వారం పాటు నిరోధ్ తప్పదు. పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా ఇవ్వకూడదు.

"పాలిస్తున్నాను కదా, కడుపు రాదు" అనేవాళ్లు చాలామంది. మూడు సంగతులూ కుదిరితేనే అది నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, ముట్టు మళ్లీ మొదలుకాకూడదు. నాలుగో నెలలోనే రాగి జావ మొదలుపెడితే ఆ లెక్క పోయినట్టే.

నిరోధ్ చిరిగిందనో, బలవంతం జరిగిందనో వస్తే 72 గంటల లోపు ఈజీ పిల్ అనే అత్యవసర మాత్ర వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఐదు రోజుల లోపు కాపర్ టీ కూడా పనిచేస్తుంది. బలవంతం అయితే మాత్ర ఇచ్చి ఊరుకోకుండా వైద్యానికీ, పోలీసు సాయానికీ తోడు వెళ్లాలి.

మగవాళ్ల ఆపరేషన్‌కు కుట్లు ఉండవు, ఆ రోజే ఇంటికి పోవచ్చు. ఆడవాళ్ల ఆపరేషన్ కంటే తేలిక. "బరువులెత్తలేను, నాగలి పట్టలేను, మగతనం పోతుంది" అన్నవి వట్టి భయాలు. మూసేది వీర్యకణాలు వచ్చే గొట్టాన్నే, మగ హార్మోను జోలికి పోరు. మూడు నెలల దాకా నిరోధ్ వాడి, వీర్య పరీక్ష చేయించుకున్నాకే ధైర్యం. ఈ మాట ఆడ నర్సు చెప్తే వాళ్లు తల దించుకుంటారు. చేయించుకున్న మనిషి ఒక్కడు సంతలో టీ తాగుతూ చెప్తే వింటారు. మా పరిధిలో అలాంటి ఒకాయన ఉన్నాడు, తన పేరు చెప్పినా ఫరవాలేదన్నాడు. ఎవరైనా అడిగితే ఆయన దగ్గరికే పంపిస్తాను.

సవర ఊళ్లకు వెళ్లినప్పుడు భర్తనో, మరిదినో దుబాసీగా పెట్టుకోకండి. ఆమె చెప్పింది ఒకటి, మనకు వచ్చేది ఇంకొకటి. ఆ ఇంటికి చుట్టం కాని ఆశా దీదీ ఉంటే మేలు. దీదీ రెండు ముక్కల్లో తేల్చేస్తుంటే ఆపి, పూర్తిగా చెప్పమనాలి. మాట తక్కువైన చోట వస్తువు చూపించాలి.

అన్నీ అయ్యాక "అర్థమైందా" అని అడగను, అందరూ అయిందనే అంటారు. "మీ తోటికోడలు అడిగితే ఎలా చెప్తావో నాకు చెప్పు" అంటాను. ఆమె చెప్పే దాంట్లో ఎక్కడ తడబడితే నేను అక్కడ సరిగ్గా చెప్పలేదన్నమాట, మళ్లీ మొదలుపెడతాను.

ఇంకొకటి. తీసేయమనో, ఆపేస్తాననో వచ్చినప్పుడు "ఇంకో రెండు నెలలు ఓర్చుకో" అని తిప్పి పంపకండి. ఇబ్బంది ఏమిటో అడగండి, మందుతో తగ్గేదైతే చెప్పండి. అయినా తీసేయమంటే అదే రోజు తీయించాలి, నా చేతిలో లేకపోతే నేనే వెంట తీసుకెళ్తాను. పోయిన నెల ఒకమ్మాయి, మూడేళ్లు కాపర్ టీ ఉంచుకుని, "ఇప్పుడు రెండో బిడ్డ కావాలి సిస్టర్, పెద్దది అంగన్‌వాడీకి పోతోంది" అని వచ్చింది. తీయించి, రక్తం పరీక్ష చేసి, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చి, నెల తప్పగానే రమ్మని పంపాను.